సెంటు పూసుకుంటే తప్పేంది?

ఇల్లందు అంగట్లో మన పిల్లలు సెంటు సీసా కొంటే చాలు, పెద్దమనుషులు మూతి తిప్పుతరు. “కూలోడికి సెంటెందుకు?” అంటరు. వాళ్లను మేము అడుగుతున్నాం: వాసన పేరు చెప్పి మనల్ని ఊరవతల పెట్టిందెవరు? చచ్చిన గొడ్డును మోయించిందెవరు? పాయఖానాలు ఎత్తించిందెవరు? ఆ కంపు పనిది, మనిషిది కాదు.

1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ మన ఆడవాళ్లకు ఏం చెప్పిండు? కులాన్ని పట్టిచ్చే కట్టూ నగలూ వదలండి, శుభ్రంగా ఉండండి అన్నడు. కాబట్టి సోకు చేసుకోవడం నేరం కాదు, ఆత్మగౌరవం.

అయితే మన పిల్లలకూ ఒక మాట. ఆ సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాలే. మిగతా ధర పేరుకూ, సీసాకూ, ప్రకటనలకూ పోతది. పారిస్‌లో గొప్పోళ్లకు బట్టలు కుట్టే షనెల్ 1921లో తన పేరుతో సెంటు తెచ్చింది. ఆ దారిలో బట్టల కంపెనీలెన్నో నడిచినయ్. గౌను కొనలేనోళ్లకు పేరు అమ్ముతున్నయ్. దొరతనం సీసాలో దొరుకుద్దని ఆశపెడుతున్నయ్.

దొరకదు. చదువూ, మంచి బట్టా ఉన్న మన పిల్లలను 1991లో చుండూరులో బతకనిచ్చిన్రా?

ఇష్టమైతే పూసుకోండి, అప్పు చేసి మాత్రం వద్దు. పాకీ పని వద్దని 1993లో, మళ్లీ 2013లో చట్టాలొచ్చినయ్. అయినా మురుగు గుంతల్లో మనోళ్లే చస్తున్నరు. ఆ చట్టం అమలు కోసం కొట్లాడదాం. కంపు పోవాల్సింది అక్కడ.