మెట్టసీమ బాలికలకు ఆటస్థలము

2025 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణపు క్రీడారంగమున భారత, ఆస్ట్రేలియా వనితల ప్రపంచకప్పు పోటీకి ముందు అచ్చటి రెండు ప్రేక్షకశాలలకు ఇరువురు స్త్రీల పేళ్లు పెట్టబడినవి. అందొకటి మిథాలీ రాజ్ పేరు. రెండవది రావి కల్పన పేరు. మొదటి పేరు దేశమంతయు నెఱిగినదే. రెండవది మన కృష్ణామండలపు ఆడపడుచు పేరు. ఆమె తండ్రి ఆటో నడిపి కుటుంబమును పోషించినవాడు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో ఈ పేరు తెలిసినవారెందఱని మేమడుగవలసియున్నది.

కల్పన వికెట్ కీపరు. 2015లో న్యూజిలాండుపై తొలిసారి భారతజట్టున నిలిచి, మొత్తము ఏడు ఏకదినపు పోటీలాడినది. మిథాలీ ఆడినవి 232. చేసిన పరుగులు 7805. సంఖ్యలనుబట్టి తూచినచో ఏడు స్వల్పమే. కాని మిథాలీ పెరిగిన సికిందరాబాదునుండి అంతకుముందే పూర్ణిమా రావు భారతజట్టునకు నాయకురాలైనది. అచ్చట దారి వేసినవారు కలరు. దారిలేనిచోట బయలుదేరినవారు నడచిన దూరమును వేఱుగా లెక్కింపవలయును.

స్త్రీల క్రికెట్టునకు ఎచ్చటను రాచబాట దొరకలేదు. మన దేశమున దానికొక సంఘమేర్పడినది 1973లో. పురుషుల క్రికెట్టు నేలు బోర్డు దానిని తనలో చేర్చుకొన్నది 2006లో. ఆ నడుమ కాలముననే మిథాలీ 1999లో ఐర్లండుపై 114 పరుగులతో అజేయురాలై ప్రవేశించి, 2002లో టాంటనున 214 పరుగులు చేసి టెస్టు పోటీలలో ప్రపంచమున మేటియైనది. ఆ సంఖ్యను 2004లో కరాచీలో 242 పరుగులతో దాటినది పాకిస్తాను వనిత కిరణ్ బలూచ్. ఆ దేశమున షైజా, షర్మీన్ ఖాన్ అను అక్కచెల్లెండ్రు బెదిరింపులకు వెఱవక జట్టును కూర్చి, 1997లో న్యూజిలాండున తొలి పోటీ ఆడించిరి. బెదిరింపుల నడుమ వారు సాధించినదానికి, అట్టి అడ్డంకిలేని మన మెట్టసీమలో మనము చెప్పదగిన సాకు ఏమున్నది?

'ఆట కూడు పెట్టునా?' అని గృహస్థులడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. 2022లో బోర్డు స్త్రీపురుషులకు పోటీ రుసుము సమానము చేసినది: టెస్టునకు 15 లక్షలు, ఏకదినమునకు 6 లక్షలు, ఇరువది ఓవర్ల ఆటకు 3 లక్షలు. 2025 నవంబరు 2న దక్షిణాఫ్రికాను 52 పరుగులతో గెలిచి ప్రపంచకప్పు తెచ్చిన జట్టులో కడపజిల్లా బిడ్డ శ్రీచరణి యున్నది. ఆమెకు రాష్ట్రప్రభుత్వము రెండున్నర కోట్ల రూపాయలును, గ్రూప్-1 ఉద్యోగమును ప్రకటించినది. అయినను ఈ ఆశ చూపి తల్లిదండ్రులను పిలుచుట మాకు సమ్మతము కాదు. వేయిమందిలో ఒకతెయైనను అంతవఱకు పోవునో పోదో. మిగిలిన తొమ్మిదివందల తొంబదితొమ్మండ్రకు దక్కునది వేఱు: దృఢమైన శరీరము, నలుగురిలో నిలుచు ధైర్యము, ఓడిన మఱునాడు మరల మైదానమునకు వచ్చు నిబ్బరము. వివాహమైనను, సేద్యమైనను, ఉద్యోగమైనను అక్కఱకు వచ్చునవి ఇవియే.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు తరలివచ్చు జనమును, ఎడ్ల బండలాగుడు పందెములకు బహుమతులిచ్చు మోతుబరులను మేమెఱుగుదుము. పశువుల బలమునకు ఇంత మన్నన చేయు సీమ తన బిడ్డల బలము విషయమున వెనుదీయునని మేము నమ్మము. ఒకనాటి సాయంకాలము మీ ఊరి ఉన్నత పాఠశాల మైదానమునకు పోయి చూడుడు. బంతి బాలుర చేతనే యున్నచో, గట్టుమీద నిలిచి చూచువారెవరో గమనింపుడు.

కావలసినది కొండంత ధనము కాదు. వారమునకు మూడు సాయంకాలములు మైదానము బాలికలకే వదలవలయును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చు నల్లరేగడిపై బంతి సరిగా లేవదు గనుక గట్టిపఱచిన నేలయు, దానిపై పఱచుటకొక చాపయు, చుట్టును వలయు అమర్పవలయును. దగ్గఱ ఒక ఉపాధ్యాయిని యుండవలయును. శుభ్రమైన మరుగుదొడ్డి యుండవలయును; ఇది లేకనే పెక్కండ్రు బాలికలు ఆట మానుదురు. ప్రొద్దుగుంకకముందే పల్లెలకు చేర్చు వాహనముండవలయును. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ రెండు పట్టణముల పురపాలకులును, వర్తకులును, భూస్వాములును కలిసినచో ఇది యొక సంవత్సరపు పని.

విశాఖలో మన ఆడపడుచు పేరు గోడకెక్కినది. ఆమె వెనుక వచ్చువారికి నేల చూపవలసిన బాధ్యత మనది. రానున్న బడి సంవత్సరము ప్రారంభమునాటికి నందిగామలో నొకటి, జగ్గయ్యపేటలో నొకటి ఇట్టి మైదానము సిద్ధపఱచుడని ఈ సీమ పెద్దలను కోరుచున్నాము.