మూడేళ్ళ నల్లకోటా? ముప్పై ఏళ్ళ కుర్చీయా?



హాస్టల్ వార్షికోత్సవం వచ్చిందంటే స్టేజీ ఎక్కిన ప్రతి పెద్దమనిషీ మనకు చెప్పే మాట ఒకటే: డాక్టరు కావాలి, కలెక్టరు కావాలి. మంచిమాటే. కానీ మన హాస్టళ్ళ నుంచి ఏటా కొందరు లా కాలేజీలకు కూడా వెళ్తున్నారు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే లా చదివి, అనంతపురం కోర్టులో నల్లకోటు వేసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళకు ఎదురయ్యే చిక్కు గురించి మాత్రం ఏ స్టేజీ మీదా ఎవరూ చెప్పరు. అందుకే ఈ నాలుగు మాటలు.

చిక్కు ఇది. కోర్టులో ఏడెనిమిదేళ్ళు తిరిగినాక ప్రభుత్వ న్యాయవాదిగా అవకాశం వస్తుంది. సివిల్ వైపు అయితే అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడరు (ఏజీపీ), క్రిమినల్ వైపు అయితే అడిషనల్ పబ్లిక్ ప్రాసిక్యూటరు. గది ముందు బోర్డు ఉంటుంది, ఊళ్ళో గౌరవం ఉంటుంది. కానీ అది మూడేళ్ళ పదవి. ఇంకోవైపు జూనియర్ అసిస్టెంటో, సచివాలయంలో ఉద్యోగమో ఉంది. ఒకటో తారీఖుకి జీతం పడుతుంది. కానీ చేరిన కుర్చీలోనే తల నెరిసిపోతుంది. ఏది తీసుకోవాలి? ఉన్న కుర్చీ వదిలి నల్లకోటు వేసుకోవచ్చా?

కుర్చీని తక్కువ చేయకండి

"గుమాస్తా ఉద్యోగం ఏముందిలే" అనేవాళ్ళు సాధారణంగా కరువు చూడనివాళ్ళు. మన జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా అదనులో పడదు. శెనక్కాయ ఊడలు దిగే వేళకు బెట్ట కొడుతుంది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. బెంగళూరులో బేల్దారి పని చేసి అమ్మానాన్న పంపిన డబ్బుతో చదువుకున్న పిల్లలు మన హాస్టళ్ళలో ఎందరో. అలాంటి ఇంటికి నెలజీతం అంటే ఎండిపోని పంట. చెల్లి పెళ్ళి, నాన్న మందులు, తమ్ముడి ఫీజు అన్నీ దాని మీదే నిలబడతాయి. ఇంట్లో తొలి జీతగాడు రాజీనామా చేస్తే దెబ్బ తగిలేది అతనొక్కడికే కాదు.

అయితే కుర్చీ లెక్క కూడా పూర్తిగా చూడాలి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు చేరినవాళ్ళు నెలకు 15,000 రూపాయల మీద పనిచేశారు. 2022లో ప్రొబేషన్ ఖరారు అయ్యాకే స్కేలు వచ్చింది. ప్రమోషన్ దారి ఏదని అందులో చాలామంది అడుగుతూనే వచ్చారు. ప్రమోషన్ రాకపోయినా ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీం కింద 6, 12, 18, 24 ఏళ్ళకు, 2022 పీఆర్సీ తర్వాత 30 ఏళ్ళకు కూడా స్కేలు పెరుగుతుంది. అంటే జీతం పెరుగుతుంది, చేసే పని మాత్రం మారదు. పెన్షన్ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళకు పాత పెన్షన్ పద్ధతి లేదు. మన నాన్నల కాలపు సర్కారు ఉద్యోగం, ఇప్పటి సర్కారు ఉద్యోగం ఒకటి కాదు.

లా చదివినవాళ్ళకు ఇంకో నష్టం ఉంది. బార్ కౌన్సిల్ నిబంధన 49 ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే సనదు పక్కన పెట్టాలి. ఆ కుర్చీలో గడిచిన ఏళ్ళు ప్రాక్టీసు లెక్కలోకి రావు. రేపు జడ్జి పరీక్ష రాయాలన్నా, ప్రాసిక్యూటరు పరీక్ష రాయాలన్నా అడిగేది ఆ లెక్కే.

మూడేళ్ళ పదవిలో ఏముంది?

రాష్ట్రంలో ప్రభుత్వ న్యాయవాదుల నియామకాలకు 2000 డిసెంబరు 6 నాటి జీవో 187 ఆధారం. దాని ప్రకారం గడువు మామూలుగా మూడేళ్ళు. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. నెల రోజుల నోటీసు ఇచ్చి గానీ, ఒక నెల గౌరవ వేతనం చేతిలో పెట్టి గానీ మధ్యలోనే తప్పించవచ్చు. ఇక రాజకీయ గాలి సంగతి చెప్పనక్కర్లేదు. 2019లో, 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడు అడ్వకేట్ జనరల్ దగ్గర్నుంచే మార్పు మొదలైంది. పైన గాలి మారితే కింద జిల్లా కోర్టులో ఏజీపీకీ తగులుతుంది.

చట్టం ఏమంటుంది? ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1990లో జిల్లాల్లోని ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒక్క ఉత్తర్వుతో తీసేసింది. కుమారి శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు అదే ఏడాది ఆ ఉత్తర్వును కొట్టేసింది. కాంట్రాక్టు పదవి అయినా ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు చేయడానికి లేదు, 14వ అధికరణం వర్తిస్తుందని చెప్పింది. కానీ 2004లో జోహ్రీ మల్ కేసులో, గడువు అయిపోయాక పొడిగించమని అడిగే హక్కు న్యాయవాదికి లేదని కూడా అదే కోర్టు చెప్పింది. రెండు తీర్పులూ కలిపి చదువుకుంటే మనకు అర్థమయ్యేది ఇది: గెంటేయడానికి ఒక పద్ధతి ఉండాలి గానీ, ఉండనివ్వమని గట్టిగా అడగలేం.

మరి లాభం లేదా? ఉంది. బయట పదేళ్ళు తిరిగినా చేతికి రానన్ని కేసులు ఇక్కడ మూడేళ్ళలో వస్తాయి. సాక్షిని విచారించడం, పోస్టుమార్టం రిపోర్టు చదవడం, రెవెన్యూ రికార్డు తిరగేయడం, జడ్జి ముందు నిలబడి వాదించడం రోజూ జరిగే పని. పైగా ఆ కాలం ప్రాక్టీసుగానే లెక్క. ప్రాసిక్యూటర్లుగా పనిచేసేవాళ్ళు న్యాయవాదులు కాకుండా పోరని 2013లో దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఎవరూ చెప్పని నష్టం ఒకటి ఉంది. గవర్నమెంటు ప్లీడరు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వకాల్తా వేయకూడదు. మన జిల్లాలో పేదవాడి కేసు చాలావరకు ప్రభుత్వం మీదే ఉంటుంది. డీకేటీ పట్టా రద్దు, భూసేకరణ పరిహారం, రోడ్డు కింద పోయిన చేను. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో వేల ఎకరాలు తీసుకున్నారు. అందులో అసైన్డ్ భూములూ ఉన్నాయి. అలాంటి భూమి కేసు కోర్టుకొస్తే కలెక్టరు తరఫున నిలబడేది గవర్నమెంటు ప్లీడరే. ఎదురుగా నిలబడేది మన కాలనీ పెద్దాయన కావచ్చు. ఆ రోజు ఏం చేయాలో పదవి తీసుకోకముందే ఆలోచించుకోవాలి. మూడేళ్ళ తర్వాత గది ఖాళీ చేసి బయటికొస్తే, అప్పటిదాకా మన దగ్గరికి వచ్చిన కక్షిదారులు వేరే వకీలు దగ్గర కుదురుకుని ఉంటారు.

నా అభిప్రాయం

మూడేళ్ళ పదవిని ఉద్యోగం అనుకుంటే మోసపోతాం. అది ప్రాక్టీసులో ఒక భాగం, అంతే. పదవి పోయిన మర్నాడు కోర్టుకు వెళ్తే మన కోసం నలుగురు కక్షిదారులు ఉంటారా? ఉంటారనుకుంటే ధైర్యంగా తీసుకోండి. లేరనుకుంటే అది ఒక్క వానను నమ్మి ఉన్న విత్తనమంతా చల్లడమే. ప్రాక్టీసు పునాది లేకుండా, కేవలం ఈ పదవి కోసం పర్మనెంట్ కుర్చీ వదలడం మన ఇళ్ళ పరిస్థితికి తగదు.

అలాగని కుర్చీలోనే కూర్చుండిపోమని నేను చెప్పడం లేదు. మధ్యలో మూడో దారి ఉంది. అదే రెగ్యులర్ అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు (ఏపీపీ) ఉద్యోగం. మేజిస్ట్రేటు కోర్టుల్లో ప్రభుత్వం తరఫున వాదించే పని. మన రాష్ట్రంలో పోలీసు నియామక మండలి రాతపరీక్ష పెట్టి ఎంపిక చేస్తుంది. మూడేళ్ళ ప్రాక్టీసు కావాలి. రిజర్వేషన్ రోస్టరు వర్తిస్తుంది, పై మెట్లకు ప్రమోషన్లూ ఉంటాయి. నల్లకోటూ ఉంటుంది, నెలజీతమూ ఉంటుంది. నోటిఫికేషన్లు ఏటా రావు, నిజమే. వచ్చిన రోజు మన చేతిలో మూడేళ్ళ ప్రాక్టీసు లేకపోతే మాత్రం వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూడా మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పదేళ్ళ అనుభవం ఉన్న న్యాయవాది దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలనీ అందులో ఉంది. అందుకని లా పూర్తయిన మొదటి మూడేళ్ళు ఎలాగైనా కోర్టులో గడపండి. ఆ మూడేళ్ళు చేతిలో ఉంటే తర్వాత కుర్చీలో చేరినా తలుపులన్నీ మూసుకుపోవు.

"ఆ మూడేళ్ళు తినేదేమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఎన్‌రోల్‌మెంట్ ఫీజుకు భయపడకండి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థుల దగ్గర 125 రూపాయలు మించి, మిగతావారి దగ్గర 750 మించి తీసుకోరాదని 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ లా గ్రాడ్యుయేట్లను ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర మూడేళ్ళు శిక్షణకు పెట్టి స్టైపెండ్ ఇచ్చే పథకం సాంఘిక సంక్షేమ శాఖకు ఉంది. జిల్లా కార్యాలయానికి వెళ్ళి ఈ ఏడాది సంగతి అడగండి. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు. న్యాయవాది రోజుకు మూడు గంటల దాకా లా కాలేజీలో పాఠం చెప్పవచ్చని 1979 నాటి నిబంధనలు ఒప్పుకుంటాయి. బాబాసాహెబ్ అంబేద్కర్ గారు కూడా బొంబాయిలో ప్రాక్టీసు చేస్తూనే 1928లో ప్రభుత్వ లా కళాశాలలో పార్ట్ టైం పాఠాలు చెప్పారు. అంత గొప్ప చదువు చదివిన ఆయన కూడా ప్రాక్టీసు ఒక్కదాని మీదే ఆధారపడలేదు. మనం సిగ్గుపడవలసిన పని లేదు.

మన ప్రాంతంలోనే ఇంకో ఉదాహరణ దామోదరం సంజీవయ్య గారు. కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో పేద ఇంట పుట్టారు. మన అనంతపురం దత్తమండల కళాశాలలో డిగ్రీ చదివారు. తర్వాత బళ్ళారిలో రేషనింగు కార్యాలయంలో చిన్న ఉద్యోగం చేశారు. ఇల్లు గడవడానికి ఆ కుర్చీ అవసరమైంది. కానీ అక్కడే ఆగిపోలేదు. మద్రాసు లా కాలేజీలో చేరి, 1950లో న్యాయవాది అయ్యారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనకు చిన్న ఉద్యోగం మెట్టు అయింది, గోడ కాలేదు.

ఇది మన ఒక్కరి పొట్ట సంగతి కాదు

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ప్రత్యేక కోర్టులో స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పెట్టాలంటే ఏడేళ్ళ ప్రాక్టీసు ఉన్న న్యాయవాది కావాలి. సెషన్స్ కోర్టు ప్రాసిక్యూటరు పదవికీ ఏడేళ్ళే. ఊళ్ళో దెబ్బలు తిని, భయపడుతూ కోర్టు మెట్లెక్కిన మన అక్క తరఫున మాట్లాడేది ఆ ప్రాసిక్యూటరే. ఆమె మాట వినే ఓపిక, ఆమె భాష తెలిసిన మనసు అక్కడ ఉండాలి. ఏడేళ్ళు నిలబడిన న్యాయవాదులు మనలో లేకపోతే ఆ జాబితాలో మన పేర్లు ఎక్కడి నుంచి వస్తాయి? అందరం కుర్చీలే చూసుకుంటే ఆ చోటు మనది కాకుండా పోతుంది. ఆ పదవి తాత్కాలికమే. కానీ అందులో ఉన్నన్నాళ్ళు చేసే పని తాత్కాలికం కాదు. ఒక కేసులో శిక్ష పడితే ఊరంతా గుర్తుంచుకుంటుంది.

ప్రభుత్వం కూడా తన వంతు చేయాలి. ప్రభుత్వ న్యాయవాదులను ప్రతిభ చూసి, పారదర్శకంగా ఎంచుకోవాలని 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీలు బయటికి చెప్పకుండా, ఎవరి మనిషి అని చూసి పేర్లు రాసుకుంటే హాస్టల్ పిల్లవాడి పేరు అక్కడికి చేరేదెప్పుడు? ఖాళీల ప్రకటన అందరికీ కనబడాలి. గౌరవ వేతనం నెలనెలా అందాలి. ఏపీపీ నోటిఫికేషన్లు క్రమం తప్పకుండా రావాలి. ఇవి అడగడం మన హక్కు.

చివరగా, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నిర్ణయం తీసుకునే ముందు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి. నా జీతం ఆగితే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? పదవి పోయాక నా దగ్గర ఎన్ని కేసులు మిగులుతాయి? ఇప్పటికి నాకు ఎన్నేళ్ళ ప్రాక్టీసు ఉంది? జవాబులు మీ చేతిరాతతోనే రాయండి. పక్కింటివాళ్ళ మాటా వద్దు, బోర్డు మీద పేరు చూసుకోవాలన్న ఆశా వద్దు. కుర్చీ ఎంచుకున్నా, నల్లకోటు ఎంచుకున్నా ఆ లెక్క తెలిసి ఎంచుకోండి. అప్పుడు ఏ దారిలో వెళ్ళినా మీరు నష్టపోరు, మన హాస్టల్ పేరూ నిలబడుతుంది.

— మీ హాస్టల్ పూర్వ విద్యార్థి