పక్కమెట్టు

మొన్న ఆస్పరి వెళ్ళి ఒక శిష్యుడికి క్షమాపణ చెప్పుకొని వచ్చాను. గురువేమిటి, శిష్యుడికి క్షమాపణ చెప్పడమేమిటని నొసలు చిట్లించకండి. వినండి.

మా కళాశాల వార్షికోత్సవంలో ఆ అబ్బాయి గిటారు మీద మోహనం వాయించాడు. వెనక మరొకడు షడ్జ పంచమాలు నొక్కిపట్టి కూర్చున్నాడు. హాయిగా సాగుతున్నదల్లా ఉన్నట్టుండి ఎక్కడివో నాలుగైదు పరాయి స్వరాలు దొర్లాయి. మరుక్షణం మళ్ళీ మోహనమే. కుర్రవాడు వేదిక దిగాక, పదిమంది ఎదుట, "శ్రుతి ఇంట్లో మరిచి వచ్చావా నాయనా?" అన్నాను. అందరూ నవ్వారు. తెలుగు పాఠం చెప్పేవాడికి చతురోక్తి తోస్తే నాలుక ఆగదు, అదొక జబ్బు. ఆనాటి నుంచి అతడు గిటారు ముట్టలేదని ఆలస్యంగా తెలిసింది.

గుంతకల్లు నుంచి ఆదోని వెళ్ళే రైలుదారిలో ఉంది ఆస్పరి. ఈ ప్రాంతం 1953 దాకా బళ్లారి జిల్లాలోది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, రాఘవ వంటివారు నాటకమాడిన బళ్లారి గాలి ఇక్కడికీ సోకింది. కుర్రవాడి తాత పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. నేను సంగతి చెప్పగానే ఆయన నవ్వలేదు.

"వాడు తప్పల్యా సార్. పక్కింటికి పోయొచ్చినాడు. అంతే."

హార్మోనియం ముందుకు లాగి నల్లమెట్లు మాత్రమే వాయించాడు. నాలుగున్నర షడ్జమైతే ఆ అయిదు మెట్లూ మోహనం. దాని పక్క నల్లమెట్టును షడ్జం చేసుకుంటే అవే మెట్లు మధ్యమావతి. ఆపైది హిందోళం. తరువాతివి వరుసగా శుద్ధసావేరి, శుద్ధధన్యాసి. దీన్నే గ్రహభేదం అంటారు. నేను పుస్తకంలో చదివి, పరీక్షకు రాసి, మరిచినదే. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం కచేరీల్లో ఇది చేసి చూపితే పండితులందరూ మెచ్చుకోలేదు. రసికుల చెవి మోసపోతుందని భయం.

కుర్రవాడు చేసింది అంతకంటె సాహసం. గిటారులో ఒక్కొక్క మెట్టు అరస్వరం ఎడం. వేళ్ళ అమరిక చెదరకుండా చేతిని ఒక్కమెట్టు పైకి జరిపితే మోహనంలోని అయిదింటికి అయిదూ పరాయివవుతాయి. ఒక్కటీ ఇంటిది మిగలదు. జాజ్ వాద్యకారులు కావాలనే ఇలా బయటికి పోయి, సరిగ్గా ఇంటిస్వరం మీద వచ్చి వాలుతారట. అసలు ఇల్లే వద్దన్నవారూ కద్దు. 1960లో ఆర్నెట్ కోల్మన్ ఎనిమిదిమందితో 'ఫ్రీ జాజ్' రికార్డు చేశాడు. ముప్పై ఏడు నిమిషాలు. రెండుసార్లు విన్నాను. నాకు తలనొప్పి వచ్చింది, దాచుకోవడమెందుకు?

"మా నాటకంల్యా ఇంతే గద సార్," అన్నాడు తాత. "పద్యం కడాకు రాగం తీస్తా తీస్తా ఇంకో రాగంలేకి పోతాడు. వాని ఎంబడి నేనూ పోతే నాటకం పాయె. శ్రుతి పట్టుకోని కూచోవల్ల. వాడు యాడికి పోయినా నన్ను చూసుకోని వస్తాడు."

ఆనాడు వెనక షడ్జ పంచమాలు నొక్కిన పిల్లవాడు కదలలేదని అప్పుడు జ్ఞాపకం వచ్చింది. బెదిరినవాణ్ణి నేనే.

"తప్పు నాదే నాయనా," అన్నాను. అబ్బాయి మాట్లాడకుండా అటక ఎక్కి గిటారు దించాడు. ఒక తీగ తుప్పుపట్టి ఉంది. దాన్ని వదిలి తక్కిన అయిదింటినీ సవరించుకున్నాడు. తాత ఎడమచేత తిత్తి ఊదుతూ షడ్జం పట్టాడు.

మోహనం మొదలైంది. కాసేపటికి చెయ్యి ఒక మెట్టు జరిగింది. ఇక దిగుతాడని నేను ఊపిరి బిగబట్టాను. దిగలేదు, ఇంకొక మెట్టు ఎక్కాడు. గాభరాగా తాత వైపు చూశాను. ఆయన వేలు కదలలేదు.