ఫినాలూ, ప్రోస్టాగ్లాండినూ, మన టైంటేబులూ

ఫినాలు మనకు మూడు చోట్ల తారసపడుతుంది. కెమిస్ట్రీ లాబులో ఫెర్రిక్ క్లోరైడు వేసి ఊదారంగు చూపిస్తారు. జువాలజీ క్లాసులో అడ్రినలిన్ అనే పేరుతో వస్తుంది. ఇంటికి వెళితే అమ్మ పాలల్లో పసుపు కలిపి ఇస్తుంది. ఈ మూడూ ఒకే తెగకు చెందినవని చెప్పే పీరియడు మాత్రం మన టైంటేబుల్లో లేదు. దీనివల్ల జరిగే నష్టమేమిటో ఒక్క ఉదాహరణతో మనవి చేస్తాను.

ప్రోస్టాగ్లాండిన్లు నొప్పినీ, వాపునూ, జ్వరాన్నీ కలిగిస్తాయి. కడుపు లోపలి పొరను కాపాడేవీ అవే. (ప్రోస్టేటు గ్రంథి నుంచి వస్తాయనుకుని 1935లో వాన్ ఆయిలర్ ఆ పేరు పెట్టాడు. వీర్యంలో ఉండేవి చాలామటుకు శుక్రాశయాల నుంచి వస్తాయని తర్వాత తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది!) కణపు పొరలోని అరాకిడోనిక్ ఆమ్లం నుంచి సైక్లోఆక్సిజినేజ్ అనే ఎంజైము వీటి తయారీని మొదలుపెడుతుంది. ఆస్పిరిన్ ఈ తయారీనే ఆపుతుందని 1971లో జాన్ వేన్ చూపించాడు.

అసలు సంగతి ఇక్కడుంది. పొట్టేలు శుక్రాశయాల నుంచి తీసిన ఎంజైముకు హైడ్రోక్వినోన్‌గానీ, అడ్రినలిన్‌గానీ కలిపితే పరీక్షనాళికలో ప్రోస్టాగ్లాండిన్ల దిగుబడి పెరుగుతుంది. రెండూ ఫినాళ్లే. ఎంజైము పనిలో పుట్టే పెరాక్సైడును క్షయకరించడానికి ఎలక్ట్రాన్లు కావాలి. ఫినాలు వాటినిచ్చి ఎంజైమును త్వరగా చచ్చిపోనివ్వదు. మోతాదు బాగా పెంచారా, ఎంజైము పనికి పూనుకోవడానికి కావలసిన పెరాక్సైడు కూడా మిగలదు. తయారీ ఆగిపోతుంది. పోసింది అదే ఫినాలు, ఫలితం మాత్రం తలకిందులు! మన పారాసెటమాల్ కూడా ఫినాలే. పెరాక్సైడు తక్కువగా ఉండే మెదడులో పనిచేసి జ్వరం దించుతుంది; పెరాక్సైడు పోగుపడిన కీలువాపు దగ్గర దాని ఆటలు సాగవు. ఉన్న వివరణల్లో ఇదే నాకు సబబుగా తోస్తుంది.

అలాగని పరీక్షనాళికను శరీరమనుకోకూడదు. నరాల చివర వెలువడే నార్అడ్రినలిన్ పరిమాణం చాలా స్వల్పం. అక్కడ దాని దారి వేరు. గ్రాహకాలను తాకి, అరాకిడోనిక్ ఆమ్లాన్ని విడుదల చేయిస్తుంది. అలా పుట్టిన ప్రోస్టాగ్లాండిన్ ఇ2 వెనక్కి తిరిగి ఆ నరానికే "ఇక చాలు" అని చెబుతుంది. ఫినాలు కాని అసిటైల్‌కోలిన్ కూడా రక్తనాళాల లోపలి పొరలో ఇలాంటి తయారీనే పురికొల్పుతుంది.

ఇదంతా ఎందుకంటారా? "ఫినాలిక్ పదార్థాలు వాపును హరిస్తాయి" అంటూ పసుపు గోళీల ప్రకటనలు వీధివీధినా కనిపిస్తున్నాయి. ఏ ఫినాలు? ఎంత మోతాదు? ఏ అవయవంలో? అడిగేవాడు లేడు. పసుపులోని కర్కుమిన్ లాబులో చాలా పనులు చేస్తుంది, నిజమే. మింగితే రక్తంలోకి చేరేది అత్యల్పం. మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దవాళ్లు డాక్టరు రాసిన మందు మాని వీటిమీద డబ్బు తగలేస్తుంటే, సైన్సు డిగ్రీ చదివిన కొడుకు చూస్తూ ఊరుకుంటున్నాడు. ఇంకొకడు జ్వరం తగ్గలేదని పారాసెటమాల్ రెట్టింపు వేసుకుని కాలేయం పాడుచేసుకుంటున్నాడు.

1856లో వుల్పియాన్ అడ్రినల్ గ్రంథి రసంలో ఫెర్రిక్ క్లోరైడు వేసి ఆకుపచ్చ రంగు చూశాడు. అది కెమిస్ట్రీయా, జువాలజీయా అని ఆయన్నెవరూ నిలదీయలేదు. మన అసోసియేషన్లు వేరువేరుగా ప్రారంభోత్సవాలు చేసి పూలదండలకు ఖర్చుపెట్టే డబ్బులో సగంతో, వచ్చే ఏడాది ఉమ్మడి సెమినారు ఒకటి జరిపించాలని యూనియన్ వారిని కోరుతున్నాను. ఫెర్రిక్ క్లోరైడు సీసా కెమిస్ట్రీవాళ్లు తెస్తారు. పొట్టేలు సంగతి జువాలజీవాళ్లు చూసుకుంటారు.