క్లాక్ మార్చే పద్ధతి ల్యాబులోనే నేర్పాలి!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు, అధ్యాపకులకు, పరికరాలు తయారుచేసే యువతకు విజ్ఞప్తి



జగిత్యాల వరి మళ్లలో తడిని కొలిచే పరికరం, కోరుట్ల పాడి రైతు బర్రె మెడకు కట్టి దాని కదలికలు నమోదు చేసే పట్టీ, సిరిసిల్ల మరమగ్గం మీద పిక్కులు లెక్కపెట్టే మీటరు: ఇవన్నీ మన పిల్లలు తయారు చేయగలరు. నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. చేసేవాళ్లూ, పరీక్షించేవాళ్లూ మన దగ్గరే ఉన్నారు.

పొలంలో పెట్టిన పరికరం నిలబడాలంటే బ్యాటరీ నిలబడాలి. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ సామర్థ్యం సుమారు 220 మిల్లీఆంపియర్-అవర్లు. పరికరంలోని చిప్ ఎడతెగకుండా 5 మిల్లీఆంపియర్లు వాడితే 44 గంటల్లో ఖాళీ. సగటు వాడకం 10 మైక్రోఆంపియర్లకు దిగితే లెక్క ప్రకారం 22,000 గంటలు, అంటే రెండున్నరేళ్లు వస్తుంది. చిప్‌ను నడిపే క్లాక్ వేగం తగ్గితే కరెంటు వాడకం తగ్గుతుంది. అందుకే పని ఉన్నప్పుడు మెగాహెర్ట్జ్ క్లాక్, లేనప్పుడు 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ వాడతారు. ఈ మార్పిడిలో తప్పు జరిగితే చిప్ బిగుసుకుపోతుంది, లేదా తప్పుడు లెక్కలు పంపుతుంది.

మన ల్యాబుల్లో ఏళ్ల తరబడి నేర్పుతున్న 8051 మైక్రోకంట్రోలర్‌ను ఇంటెల్ 1980లో తెచ్చింది. దానికి ఉన్నది ఒకే క్లాక్. మార్చే పనే లేదు కాబట్టి, మార్చడం ఎలాగో మన విద్యార్థికి ఎవరూ చెప్పలేదు. ఈ లోటు తీరాలి.

మగ్గాల షెడ్డులో కరెంటు పోతే జనరేటర్ స్టార్ట్ చేస్తాం. అది నిలకడగా తిరిగాకే చేంజోవర్ తిప్పుతాం. చిప్‌లోనూ అదే క్రమం పాటించాలి:

1. కొత్త క్లాక్ ఆన్ చేసి, రెడీ బిట్ వచ్చేదాకా ఆగాలి. 32,768 క్రిస్టల్ కుదురుకోవడానికి ఒక్కోసారి సెకను, అంతకు మించి కూడా పడుతుంది. క్రిస్టల్ చెడిపోతే ఆ బిట్ ఎన్నటికీ రాదు. కాబట్టి ఎదురుచూపుకు గడువు పెట్టాలి, గడువు దాటితే లోపలి ఆర్‌సీ ఆసిలేటర్‌తో పని సాగించాలి.

2. వేగం పెంచే ముందు కోర్ వోల్టేజీ, ఫ్లాష్ వెయిట్ స్టేట్లు పెంచాలి. తగ్గించేటప్పుడు ముందు క్లాక్ తగ్గించి, తర్వాతే వాటిని తగ్గించాలి. ఉదాహరణకు ఎస్‌టీఎం32ఎల్4 మైక్రోకంట్రోలర్‌లో పూర్తి వేగం 80 మెగాహెర్ట్జ్‌కు 4 వెయిట్ స్టేట్లు కావాలి. అవి లేకుండా పరుగెత్తిస్తే ప్రాసెసర్ ఫ్లాష్ నుంచి తప్పుడు ఆదేశాలు చదువుతుంది.

3. క్లాక్ నిజంగా మారిందని స్టేటస్ బిట్ చదివి నిర్ధారించుకున్నాకే పాతది ఆపాలి.

4. మార్చే ముందు సీరియల్ పోర్టులో పోతున్న అక్షరాన్ని పూర్తిగా పోనివ్వాలి. మార్చాక బాడ్ రేటు, టైమర్లు మళ్లీ లెక్కగట్టాలి. 16 మెగాహెర్ట్జ్ నుంచి 4కు దిగి డివైడర్‌ను అలాగే వదిలేస్తే 9600 బాడ్ కాస్తా 2400 అవుతుంది.

5. గాఢనిద్ర నుంచి లేచిన చిప్ పాత క్లాక్‌తోనే లేస్తుందని అనుకోవద్దు. ఎస్‌టీఎం32ఎల్4 స్టాప్ మోడ్ నుంచి లోపలి ఆసిలేటర్‌తో లేస్తుంది. క్లాక్ వేగాన్ని పెంచే పీఎల్ఎల్ వాడాలంటే మొదటి అడుగు నుంచి మళ్లీ రావాలి.

మా డిమాండ్లు ఇవి:

మైక్రోకంట్రోలర్ ల్యాబులో 8051తో పాటు ఎంఎస్‌పీ430 లేదా ఎస్‌టీఎం32ఎల్ బోర్డు మీద క్లాక్ మార్పిడిని ఒక ప్రయోగంగా చేయించాలి. బ్యాటరీతో నడిచే ఏ ప్రాజెక్టునైనా, క్రిస్టల్ ఊడదీసినా పరికరం బిగుసుకుపోదని చూపించాకే ఆమోదించాలి. క్లాక్ ఆగితే తెలిపే వ్యవస్థ ఈ చిప్‌లలోనే ఉంది. ఎంఎస్‌పీ430 ఆసిలేటర్ ఫాల్ట్ జెండా ఎత్తుతుంది. దాన్ని వాడటం తప్పనిసరి చేయాలి.

అధ్యాపకులారా, సిలబస్ మారేదాకా ఆగకండి. ఒక్క ల్యాబు పూట కేటాయించండి. విద్యార్థులారా, కోడ్ కాపీ కొట్టే ముందు మీ చిప్ రిఫరెన్స్ మాన్యువల్‌లో క్లాక్ అధ్యాయం చదవండి. రైతు, నేతన్న మీ పరికరాన్ని నమ్మి డబ్బు పెడతారు. ఆ నమ్మకానికి తగ్గట్టు తయారు చేయండి!