గర్భసంచి పోయినా గుండె ఉంది

లంబాలైన్ 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక పేట. అక్కడైనా, అండమాన్ తెలుగువాళ్లలో చాలామందికి సొంత ఊళ్లున్న శ్రీకాకుళంలోనైనా ముట్లు ఆగిపోతే ‘ఒక బాధ వదిలింది’ అనుకోవడం మామూలే. గుండెకు మాత్రం బాధ అక్కడే మొదలు కావచ్చు. ఈస్ట్రోజెన్ తగ్గాక చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది, రక్తనాళాలు బిరుసెక్కుతాయి. 45 ఏళ్లలోపే ముట్లుడిగితే ముప్పు మరింత ఎక్కువ.

తెలుగునాట ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్.

మరి పోయిన హార్మోన్‌ను మందుగా ఇస్తే? ఒకప్పుడు గుండెకు రక్ష అన్న నమ్మకంతో డాక్టర్లు రాసేవారు. 2002 జులైలో అమెరికాలోని ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ అధ్యయనం ఆ నమ్మకాన్ని కూల్చింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో 7 గుండెజబ్బు కేసులు, 8 పక్షవాతాలు, 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. హార్మోన్లంటే జనానికీ, డాక్టర్లకూ భయం పట్టుకుంది.

భయం మిగిలింది, వివరం మరుగున పడింది. అధ్యయనంలోని ఆ 16,608 మంది సగటు వయసు 63. ముప్ఫై ఎనిమిదేళ్లకే అండాశయాలు పోయిన స్త్రీకి ఆ లెక్క వర్తించదు. అలాంటివారు వేరే అభ్యంతరం లేకపోతే సహజంగా ముట్లుడిగే వయసు వరకు, అంటే దాదాపు 50 ఏళ్ల దాకా హార్మోన్ వాడటం మేలని నిపుణుల సలహా. 2025 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఈ మందుల పెట్టెలపై గుండెజబ్బు హెచ్చరికను తొలగించనున్నట్లు ప్రకటించింది.

అలాగని ఇది గుండె టానిక్ కాదు. మామూలు వయసులో ముట్లుడిగినవారికి ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి భరించలేనప్పుడే ఇస్తారు. 60 ఏళ్లలోపు మొదలుపెడితేనే మంచిది. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం వంటివి వచ్చినవారికి సాధారణంగా ఇవ్వరు.

ఆపరేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?’ జవాబు డిశ్చార్జి కాగితంలో ఉండాలి. ఆ తర్వాత బీపీ, షుగర్, కొలెస్టరాల్ పరీక్షలు ఏటా చేయించుకోవాలి. గర్భసంచి కథ ముగిసినా గుండె కథ ఇంకా సగమే అయింది.