తెర వైపు ముఖం, రోగి వైపు వీపు

మొన్న మన సంఘం ఉగాది విందులో, పులిహోర వడ్డించేచోట, ఒక సాఫ్ట్‌వేర్ మిత్రుడు మా డాక్టర్ల గుంపును చూసి, "మీవాళ్లకు కంప్యూటరంటే భయమండీ, అందుకే ఈ గోలంతా" అన్నారు. అక్కడ నవ్వి ఊరుకున్నాం. ఇంటికొచ్చాక ఊరుకోవడం తప్పనిపించింది. ఇది ఆయనకు జవాబు.

మాకు కంప్యూటరంటే భయం లేదు. మేము చదువుకున్న పెద్దాసుపత్రిలో కేసు షీట్లను ఎలకలు కొరికిన సంగతి మరచిపోలేదు. అర్ధరాత్రి గుండెనొప్పితో వచ్చిన మనిషి పాత ఇ.సి.జి. ఒక్క మీట నొక్కితే కళ్లెదుట నిలవడం ఎంత మేలో మాకు తెలుసు. కాగితాన్ని మళ్లీ తెమ్మని మేము అడగడం లేదు. ఈ రికార్డు ఎవరికోసం రాస్తున్నామన్నదే మా పేచీ.

2009లో ఇక్కడి ప్రభుత్వం హైటెక్ చట్టం తెచ్చి, రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించిన డాక్టరుకు మెడికేర్ కింద 44,000 డాలర్ల దాకా ఇస్తామన్నది. ఎక్కించనివారికి 2015 నుంచి కోత పెట్టింది. అందరం ఎక్కించాం. తీరా ఎక్కినదేమిటి? రోగి కథకంటే బిల్లు లెక్కే ఎక్కువ. 1995, 1997 నాటి నిబంధనల ప్రకారం ఎన్ని ప్రశ్నలడిగాం, ఎన్ని అవయవాలు పరీక్షించాం అన్న పద్దును బట్టి ఫీజు. ఆ పద్దు నింపడానికి నోట్సు చాంతాడంత పెరిగింది. 2021లో ఔట్‌పేషెంట్లకు ఆ పద్ధతి తీసేశారు గాని, అలవాటు చావలేదు. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ప్రకటించిన లెక్కలో, ఆసుపత్రి నోట్సులో చేత్తో టైపు చేసింది నూటికి 18 పాళ్లే. 46 పాళ్లు పాత నోట్సునుంచి కాపీ. మిగతాది యంత్రం తెచ్చి పోసింది. కాపీలు కొట్టింది మేమే, బుకాయించం.

ఇక అసలు సంగతి. తెనాలినుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చారు. మూత్రంలో మంట, జ్వరం. గుండెలో లోహపు కవాటం, దానికోసం రోజూ అసిట్రోమ్. మన దేశంలో అది మామూలు మందే, అమెరికాలో అమ్మరు. అందువల్ల తెరమీది మందుల జాబితాలో దాని పేరే లేదు. నర్సు ఖాళీ గడిలో అక్షరాలు కొట్టింది. జాబితాలోంచి ఎంచిన మందునైతే యంత్రం గుర్తుపడుతుంది, చేత్తో కొట్టిన మాట దానికి వట్టి గీతలే. మేము సల్ఫా మందు రాశాం. జాబితాలో వార్ఫరిన్ ఉండివుంటే తెర ఎర్రబడి అరిచేది. ఆ పూట పనికిమాలిన హెచ్చరికలు ఎన్నో వచ్చాయి, కావలసిన ఒక్కటి తప్ప. అయిదో రోజున ఆవిడ ముక్కు వెంట రక్తం ఆగక ఎమర్జెన్సీకి వచ్చారు. బతికి బట్టకట్టారు.

అసిట్రోమ్ అంటే ఏమిటో తెలియని తెల్లదొర కాదు ఆ మందు రాసింది, మేమే. తెలుగు డాక్టరు దొరికాడని ఆవిడ మురిసిపోతూ ఊరి కబుర్లు చెబుతుంటే, రెండు నిమిషాలు విని తెర వైపు తిరిగాం. ఆవిడ ప్లాస్టిక్ సంచిలో తెనాలి డాక్టరు చీటీ ఉంది: అడగకుండా మరే మందూ వేసుకోవద్దని, ఎర్రసిరాతో, తెలుగులో. దాన్ని స్కాన్ చేశారు కూడా. 'ఇతర పత్రాలు' అనే మూలన పడింది. ఎవరం తెరవలేదు. మన దేశంలో ఇప్పుడు 14 అంకెల ఆరోగ్య నంబరు ఇస్తున్నారు, ఇక్కడ కొడితే ఏమీ రాదు.

తప్పు మాది కాదనం. కాని యంత్రం మౌనంగా ఉంటే అంతా క్షేమమని నమ్మేలా మమ్మల్ని తయారుచేసిందెవరు? గుర్తించలేని మందు పక్కన "దీన్ని నేను సరిచూడలేదు" అని ఒక్క వాక్యం చూపడం మన సాఫ్ట్‌వేర్ సోదరులకు అంత కష్టమా? బిల్లు కోడు ఒక్కటి తప్పితే తెర ముందుకు కదలనివ్వదే!

2021 ఏప్రిల్ నుంచి రోగి నోట్సు రోగికి ఆలస్యం లేకుండా చూపాలని ఇక్కడ నిబంధన ఉంది. మీ అమ్మగారిదో, అత్తగారిదో తెరిచి చదవండి. తప్పుంటే దిద్దమని అడిగే హక్కు హిపా చట్టం ఇచ్చింది. మేము విసుక్కున్నా సరే, అడగండి.

విందులో ఆ మాటన్న మిత్రుడు ఇలాంటి తెరలు తయారుచేసే పనిలోనే ఉన్నారని తరవాత తెలిసింది. దీపావళి విందులో ఆయన పక్కనే కూర్చుంటాం. ఆ చీటీ నకలు జేబులో ఉంటుంది.